జన్యు సమాచారం అందరిదీ అయిన తీరు

పరిశోధన సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేస్తే చాలు, అది అందరిదీ అయిపోతుందన్న నమ్మకం చరిత్ర ముందు నిలవదు. 1996 ఫిబ్రవరిలో బెర్ముడాలో సమావేశమైన మానవ జన్యుపటం రూపొందిస్తున్న శాస్త్రవేత్తలు, వెయ్యి అక్షరాలు దాటిన డీఎన్‌ఏ క్రమాలను 24 గంటల్లోగా బయటపెట్టాలని ఒప్పుకున్నారు. ఆ నిర్ణయం వెనుక శాస్త్రవేత్తలు జాన్ సల్‌స్టన్, రాబర్ట్ వాటర్‌స్టన్‌ల పట్టుదల ఉంది. అయితే మరుసటి నెలలోనే ఐరోపా సమాఖ్య, డేటాబేస్ కూర్పుకు గణనీయంగా పెట్టుబడి పెట్టినవారికి 15 ఏళ్ల ప్రత్యేక హక్కు ఇచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు మాత్రం 1991లోనే, టెలిఫోన్ డైరెక్టరీ కేసులో, వాస్తవాలకు కాపీరైట్ లేదని తేల్చింది. కాబట్టి ఒకే పట్టిక ఒక దేశంలో స్వేచ్ఛగా తిరిగి, మరో దేశంలో ఒకరి సొత్తుగా మిగలవచ్చు. ఆ సందిగ్ధాన్ని మౌనం తీర్చదు, స్పష్టమైన లైసెన్సే తీర్చాలి.

అలాగని ఏదో ఒక లైసెన్సు ఉంటే సరిపోదు. మనుషుల మధ్య జన్యు తేడాలను గుర్తించడానికి 2002లో మొదలైన హ్యాప్‌మ్యాప్ ప్రాజెక్టు, పేటెంట్లతో ఇతరుల దారి మూయబోమని ఒప్పుకున్నవారికే వివరాలు చూపించింది. ఉద్దేశం ఎంతో మంచిది. కానీ ఆ షరతు వల్లే ఆ సమాచారం ఇతర బహిరంగ డేటాబేస్‌లలో కలవలేకపోయింది, 2004 డిసెంబరులో ఆ షరతును ఎత్తేశారు. ఇలాంటి షరతులేవీ లేకుండా, హక్కులన్నీ వదులుకునే సీసీ జీరో అనే లైసెన్సు 2009లో వచ్చింది. మరి శ్రమించినవారి పేరు మరుగున పడదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే వందల మూలాల నుంచి కూర్చిన పట్టికలో ప్రతి పేరునూ చట్టబద్ధమైన షరతు చేస్తే, ఆ భారానికే పని ఆగిపోతుంది. మూలాన్ని ఉదహరించడం శాస్త్రలోకపు పాత మర్యాద, కోర్టు అవసరం లేకుండానే అది నడుస్తోంది. వదులుకోగలిగింది మాత్రం మనదైనదే: అరువు తెచ్చిన ఫొటోలకూ పటాలకూ ముందుగా హక్కుదారు అనుమతి తీసుకోవాల్సిందే.