అభిమానం ఎవరి ఆస్తి?

తెలుగు సినిమా మీద మన విమర్శకులు చాలా రాశారు. కథల్లోని అభూతకల్పనల్ని ఎండగట్టారు. పాటల్లోని అశ్లీలాన్ని దుయ్యబట్టారు. నిర్మాతల లాభాపేక్షను బయటపెట్టారు. కాని తెరకు ఇవతల నేల మీద కూర్చున్న మనిషిని గురించి మాత్రం ఒకే ఒక్క మాటతో సరిపెట్టుకున్నారు: వాడికి పిచ్చి. పిచ్చి అనేది తిట్టు కావచ్చుగాని వివరణ కాదు. లక్షలాది మందికి ఒకే పిచ్చి, ఒకే తీరున, దాదాపు ఒకే వయసులో పట్టుకుని జీవితాంతం వదలకుండా వుందంటే దానికొక చరిత్ర వుండి తీరుతుంది. చరిత్ర వున్నదాన్ని విమర్శకుడు తిట్టి ఊరుకోకూడదు.

ప్రశ్నను ఇలా వేసుకుందాం. కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో ఒక కూలిమనిషి జీవితంలో స్థిరంగా వుండేవి చాలా తక్కువ. పాపఘ్ని వచ్చి పెన్నలో కలిసేది ఈ ఊరి దగ్గరే అయినా ఏడాదిలో ఎక్కువ కాలం రెండూ ఇసుకే. వాన మీద నమ్మకం లేదు. వాన లేనప్పుడు పని మీదా నమ్మకం లేదు. ఓటు వేయించుకున్న నాయకుడు మరుసటి ఎన్నికకు జెండా మారిస్తే అతను ఆశ్చర్యపోడు. అలాంటి మనిషి పదేళ్ల వయసులో ఎన్.టి. రామారావు అభిమాని అయి, అరవై ఏళ్లు నిండినా అభిమానిగానే వుండిపోతాడు. అన్నీ కదిలిపోయే చోట ఇదొక్కటి ఎందుకు కదలలేదు?

సినిమాతోనే ఇది పుట్టలేదు. సీమలో ఉరుసుల్లోనూ తిరునాళ్లలోనూ జరిగే బండలాగుడు పందేలు చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఒక జత ఎద్దులు బండను లాగుతుంటే ఆ ఊరి జనమంతా తామే లాగుతున్నట్టు ఊగిపోతారు. ఎద్దులు ఆసామివి, ఈల కూలివాడిది. గెలిస్తే బహుమానం ఆసామికి పోతుంది, గొంతు పోయేది కూలివాడికి. అయినా “మా ఎద్దులు” అనేవాడు కూలివాడే. ఆ “మా” అన్న మాటలోనే మన సమస్య అంతా వుంది.

నాటకాలూ అంతే. 1885లో ఈ కడప జిల్లాలోని సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి సమాజం, శాఖోపశాఖలై తెలుగునాడంతా తిరిగింది. అప్పటి దత్తమండలాల్లో భాగమైన బళ్లారిలో ధర్మవరం కృష్ణమాచార్యుల సరసవినోదిని సభ ఒకవైపు, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ ఇంకొకవైపు నిలబడి పోటీపడ్డాయి. పోటీ వున్న చోట పక్షాలు ఏర్పడతాయి. పద్యం ముగియగానే “వన్స్ మోర్” అని కేక వేసినవాడు కథ కోసం వచ్చినవాడు కాదు. హరిశ్చంద్రుడి కథ అతనికి కంఠతా వచ్చు. అతను వచ్చింది తన నటుడి కోసం. సినిమా ఈ ప్రేక్షకుణ్ణి సృష్టించలేదు, వారసత్వంగా అందుకుంది.

అయితే సినిమా రెండు కొత్త పనులు చేసింది. నటుడి రాకపోకల్ని జనం జీవితంలో ఒక క్రమంగా మార్చింది: ఏడాదికి నాలుగైదు బొమ్మలు, ఒక్కొక్కటీ ఒక పండగ. రెండోది, నేల టికెట్టు. ఏ ఇంటి అరుగు మీద కూర్చునే హక్కు లేనివాడైనా కొద్ది పైసలతో టూరింగు టాకీసులో నేల మీద తన చోటు తాను కొనుక్కోగలిగాడు. బెంచీ, కుర్చీ తరగతులు వెనక వున్నాయి నిజమే. కాని తెరకు అందరికంటె దగ్గరగా కూర్చున్నవాడు నేల టికెట్టువాడే. ఈలతో, కాగితపు ముక్కలతో ఆ హాలును ఏలినవాడూ అతనే.

ఆ తెర మీద అతనికి కనిపించింది ఎవరు? 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోటరాముడు, ఒక తోటమాలి కొడుకు. రాజకుమార్తెను కోరి, మాంత్రికుణ్ణి జయించి, అంతఃపురంలోకి అల్లుడుగా నడిచి వెళ్లాడు. ఆ సినిమా నిర్మాతల్లో ఒకడైన బి. నాగిరెడ్డి పుట్టింది కడప జిల్లా పొట్టిపాడులో. దర్శకుడు కె.వి. రెడ్డి తాడిపత్రివాడు. కరువుసీమ మనుషులు మద్రాసు వెళ్లి తీసిన బొమ్మ, రైలు మీద తిరిగి కరువుసీమకే వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1952లో, రాయలసీమ క్షామ నిధి కోసం రామారావు తోటి నటులతో కలిసి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టినవాడికి సీమలో చుట్టరికం లేదు. చుట్టరికం లేనివాడు వచ్చి జోలె పట్టటం జనం మరచిపోలేదు.

ఇక్కడ వయసు సంగతి చూడాలి. అమెరికాలో బేస్‌బాల్ జట్ల అభిమానుల్ని గురించి సేత్ స్టీఫెన్స్ డేవిడోవిట్జ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు 2014లో ఒక లెక్క తీశాడు. న్యూయార్కు మెట్స్ జట్టు ఛాంపియన్‌షిప్పు గెలిచింది 1969లో, మళ్లీ 1986లో. ఫేస్‌బుక్‌లో ఆ జట్టును మెచ్చుకున్న మగవాళ్ల వయసులు చూస్తే, ఆ రెండు సంవత్సరాల్లో ఏడెనిమిదేళ్ల పిల్లలుగా వున్నవాళ్లే తక్కిన వయసులవాళ్లకంటె మించి కనబడ్డారు. ఎనిమిదో ఏట ముద్ర పడితే నలభయ్యో ఏటికీ చెరగటం లేదన్నమాట.

ఈ లెక్క విలువైనదే. కాని మొత్తం సత్యం కాదు. ఎనిమిదో ఏట మనం చాలా వాటిని ప్రేమిస్తాం. గోళీలు, గాలిపటాలు, ఈతకాయలు – వీటి కోసం ఎవరూ జీవితాంతం తగాదా పడరు. ముద్ర పడటం వేరు, నిలబడటం వేరు. నిలబెట్టేది ఏమిటి?

నా సమాధానం: శ్రమ. అభిమానం మొదట ఒక ముచ్చటే. అది జీవితకాలపు బంధంగా మారేది అభిమాని దాని కోసం పనిచెయ్యటం మొదలుపెట్టినప్పుడు. బొమ్మ విడుదలకు ముందు రాత్రి మైదాపిండి బంక కాచి గోడలకు పోస్టర్లు అంటించటం, చందాలు పోగుచెయ్యటం, కటౌటుకు తగినంత పొడుగు పూలదండ కట్టించటం, మొదటి ఆట టికెట్ల కోసం తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడటం, ఎదుటి పక్షంవాళ్లు మన పోస్టరు మీద పేడ కొట్టకుండా కాపలా కాయటం – ఇవన్నీ పని. కూలి లేని పని. మనిషి తాను ఊరికే తీసుకున్నదాన్ని తేలిగ్గా వదిలేస్తాడు. చెమటోడ్చి నిలబెట్టినదాన్ని వదలడు. అందుకే బొమ్మ ఓడిపోయినప్పుడు అభిమానం తగ్గకపోగా గట్టిపడుతుంది. గెలుపులో అందరూ వుంటారు. ఓటమిలో మిగిలినవాళ్లకు ఒకరినొకరు ఎప్పటికీ గుర్తు.

ప్రత్యర్థి లేకుండా ఈ పని సాగదు. రామారావు పక్షానికి అక్కినేని నాగేశ్వరరావు పక్షం కావాలి. ఇందులో విచిత్రమేమంటే ఆ నటులిద్దరూ మిస్సమ్మలోనూ (1955), గుండమ్మకథలోనూ (1962) పక్కపక్కన నిలబడి హాయిగా నటించారు. తెర మీద వాళ్లు తోడల్లుళ్లు, హాల్లో వీళ్లు పగవాళ్లు. తరవాత కృష్ణ వచ్చాడు. 1977 సంక్రాంతి నాడు, జనవరి 14న, రామారావు దానవీరశూరకర్ణ, కృష్ణ నటించిన కురుక్షేత్రం ఒకేరోజు విడుదలయ్యాయి. కథ ఒకటే, భారతమే. తేడా ఒక్కటే: మావాడు ఎవరు?

ఈ పనిలో అతనికి దక్కేది ఏమీ లేదా? వుంది. పోస్టరు అడుగున అభిమాన సంఘం కార్యదర్శి అని తన పేరు అచ్చులో కనిపిస్తుంది. భూమి పట్టాలోనూ పెండ్లి పత్రికలోనూ తప్ప మరెక్కడా పేరు అచ్చుకాని మనిషికి అది చిన్న విషయం కాదు. ముఠాకక్షల సీమలో మనిషి ఏ పక్షమో సాధారణంగా పుట్టుకే నిర్ణయిస్తుంది. తండ్రి ఏ ఆసామి వెంట నడిస్తే కొడుకూ ఆ ఆసామి వెంటే నడవాలి. అభిమాన నటుణ్ణి మాత్రం తానే ఎన్నుకున్నాడు. ఎన్నుకోవటం తెలియని చోట ఇది ఒక స్వేచ్ఛ. కాని ఆ స్వేచ్ఛ పోసుకున్న అచ్చు మాత్రం పాతదే: ఒక పెద్ద మనిషి, అతని వెనక మనం, ఎదుట వాళ్లు. పైగా ఈ సంఘాలు దాదాపు పూర్తిగా మగవాళ్లవి. అదే హాల్లో అదే నేల మీద కూర్చుని కంటతడి పెట్టిన ఆడవాళ్ల అభిమానానికి కార్యదర్శి లేడు, పోస్టరు లేదు. అది ఇళ్లలో పాటగా, తలపుగా మిగిలిపోయింది.

కూలి లేని శ్రమ విలువను సృష్టిస్తే ఆ విలువ ఎక్కడికి పోతుంది? మన చరిత్రలో దీనికి సమాధానం 1982 మార్చి 29న దొరికింది. ఆ రోజు పార్టీ పెట్టిన రామారావు 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. 294 స్థానాల్లో 200కు పైగా గెలిచాడు. తొమ్మిది నెలల్లో ఇంత పని జరిగిందంటే కాంగ్రెసు మీద జనం విసుగు ఒక కారణం, వెనకబడిన కులాలకు దొరికిన చోటు మరొక కారణం. కాని గోడ మీద రాత, వీధిలో మైకు, బూతు దగ్గర మనిషి – ఈ పనులకు ముప్ఫై ఏళ్లుగా తర్ఫీదు అయిన సైన్యం అప్పటికే సిద్ధంగా వుంది. పక్క జిల్లాలోని హిందూపురంలో 1983 నుంచి 2024 దాకా ప్రతి సాధారణ ఎన్నికలోనూ ఆ పార్టీయే గెలిచింది. తండ్రి తరవాత ఒక కొడుకు, ఆ తరవాత ఇంకొక కొడుకు అక్కడి ప్రతినిధులయ్యారు. దీన్ని సినిమా అభిమానం ఒక్కదానికే కట్టబెట్టటం అమాయకత్వం. దానికి సంబంధం లేదనటం అంతకంటె అమాయకత్వం.

అక్కడ శ్రమ అధికారంగా మారింది. మరొకచోట బేరమైపోయింది. 2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీ పెట్టినప్పుడు అభిమానులు ఇళ్లు మరచి తిరిగారు. 2009లో 18 స్థానాలు వచ్చాయి. 2011లో పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. జెండా మోసినవాణ్ణి ఎవరూ అడగలేదు. అడగాలన్న నియమం ఎక్కడా లేదు. ఎద్దులు ఆసామివి.

ఇది మన వెనకబాటుతనమని కొందరు అనుకోవచ్చు. అమెరికాలో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టుకు అక్కడి కార్మిక వాడలు ప్రాణం పెట్టాయి. ఏళ్ల తరబడి ఓడిపోతున్నా వెంట నడిచాయి. 1955లో ఆ జట్టు ఛాంపియన్‌షిప్పు గెలిచింది. రెండేళ్లు తిరిగేసరికి, 1957 ఆటలు ముగియగానే, యజమాని జట్టును లాసేంజిలిసుకు తరలించుకుపోయాడు. 1960లో ఆటస్థలాన్నీ పడగొట్టారు. మన దగ్గర డెక్కన్ ఛార్జర్స్ క్రికెట్ జట్టు కథా అంతే: 2008లో అట్టడుగు, 2009లో విజేత, 2012లో యజమాని కంపెనీ అప్పుల్లో మునగగానే జట్టే లేదు. మరుసటి ఏడు మద్రాసు టెలివిజన్ కంపెనీ కొత్త పేరుతో హైదరాబాదుకు కొత్త జట్టు తెచ్చింది. అభిమానం వుండిపోయింది, అభిమానించేది వెళ్లిపోయింది.

మరో దారి లేదా? వుంది. అమెరికాలోనే గ్రీన్‌బే అనే చిన్న పట్నపు ఫుట్‌బాల్ జట్టు, పాకర్స్, 1923 నుంచి ప్రజల వాటాల మీద నడుస్తోంది. వాటాదారులు ఇప్పుడు ఐదు లక్షలకు పైనే. వాటాకు లాభం పంచరు, జట్టును ఎవరూ ఎత్తుకుపోలేరు. పెద్ద నగరాల జట్లు ఊళ్లు మారాయిగాని అది మారలేదు. అభిమాని “మా జట్టు” అంటే అక్కడ అది సగమైనా నిజం.

మనవైపూ ఒక జ్ఞాపకం వుంది. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి ఊరూరా దళాలు కట్టింది. 1947 నాటి మాభూమి నాటకాన్ని రైతులు చూడటమే కాదు, ఆడారు. ప్రభుత్వం నిషేధించి వేటాడినప్పుడు ఆ కళాకారుల్లో చాలామంది మద్రాసు సినిమాల్లోకి వెళ్లారు. గరికపాటి రాజారావు, అల్లు రామలింగయ్య, మిక్కిలినేని వాళ్లలోని వాళ్లే. ఇదే కడప లోక్‌సభ స్థానంలో 1952లోనూ 1962, 1967, 1971లోనూ కమ్యూనిస్టు ఎద్దుల ఈశ్వరరెడ్డి గెలిచాడు. ఆ విధేయత కూడా ఉపన్యాసాలతో రాలేదు. కాలినడకన తిరిగి, కరపత్రాలు పంచి, చందాలు పట్టినవాళ్ల శ్రమతో వచ్చింది. తరవాత మనం జనానికి వినే పనిని మిగిల్చి చేసే పనిని తీసేశాం. నటుడి కటౌటు చేసే పనిని ఇచ్చింది.

అందుచేత అభిమానిని చూసి నవ్వే హక్కు మనకు లేదు. అతనిలో నిలకడ వుంది, త్యాగం వుంది, పదిమందిని కూడగట్టే నేర్పు వుంది. 1998లో చిరంజీవి పేరుమీద రక్తనిధి పెట్టినప్పుడు అందులో నెత్తురు ధారపోసింది ఆ అభిమానులే; అది ఏ కులపు రోగికి ఎక్కిందో వాళ్లు అడగలేదు. లోపం అతని ప్రేమలో లేదు. ప్రేమ అతనిది, దాని మీద హక్కు మరొకరిది కావటంలో వుంది. మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ అతనికి చెప్పవలసింది “నీ నటుణ్ణి వదిలెయ్యి” అని కాదు. అడగవలసింది ఒక్క ప్రశ్న: “మావాడు అంటున్నావు సరే, నిన్ను అడగకుండా అతన్ని అమ్మేస్తే ఆపగలవా?” ఆ ప్రశ్న అతని బుర్రలో పడిన రోజున అది సినిమా హాలు దగ్గర ఆగదు. చేను దగ్గరికి పోతుంది, గని దగ్గరికి పోతుంది, ఓటు దగ్గరికి పోతుంది.