జాసూస్‌కు సనద్ ఎవరిచ్చారు?



రిష్తా ఖాయం చేసే ముందు అబ్బాయి సంగతి ఆరా తీయడం మన ఘరానాల్లో పాత రివాజే. ఒకప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు వెళ్లి, వాళ్ల మొహల్లాలో నలుగురిని అడిగి వచ్చేవారు. ఇప్పుడు ఆ పని ఫీజు తీసుకునే డిటెక్టివ్ చేతికి పోతోంది. "మాది లైసెన్స్ ఉన్న ఏజెన్సీ" అనగానే మనకు ఎతెబార్ కుదురుతుంది. ఆ లైసెన్స్ సంగతేమిటో తెలియాలంటే కాస్త తారీఖ్ తిరగేయాలి.

మొగలుల జమానాలో ఖబర్ సేకరించడం సర్కారీ నౌకరీ. వాకియా నవీస్ బాహాటంగా రాసి పంపేవాడు. ఖుఫియా నవీస్ గుట్టుగా రాసేవాడు. హర్కారా తిరిగి వార్తలు తెచ్చేవాడు. అందరూ హుకూమత్ మనుషులే, హుకూమత్‌కే జవాబ్‌దార్లు.

1801లో ఆర్కాట్ నవాబు ముల్క్ ఈస్టిండియా కంపెనీ పరమైంది. చిత్తూరు సీమతో పాటు తిరుమల ఆలయ నిర్వహణ కూడా కంపెనీ అధికారుల కిందికి వచ్చింది. 1807 చివర్లో చిత్తూరు, ఆర్కాట్ మధ్య కొందరు ఫాన్సీగర్లు పట్టుబడ్డారు. దారిలో ముసాఫిర్లతో దోస్తీ చేసి, మెడకు ఉరి బిగించి దోచుకునే ముఠాలవి. చిత్తూరు మేజిస్ట్రేట్ రైట్ వాళ్ల బయాన్లు సేకరించాడు. 1816లో మద్రాసులో డాక్టర్ షేర్‌వుడ్ వాళ్ల గురించి వ్యాసం అచ్చువేశాడు. థగ్గుల మీద వచ్చిన తొలి రాతల్లో మన చిత్తూరుకు అలా చోటు దక్కింది.

1830లలో స్లీమన్ జబల్పూర్ నుంచి దీన్ని పెద్ద మహకమాగా నడిపాడు. ఆయన ఆధారమంతా గోయందాలే. గోయందా అంటే పట్టుబడి, మాఫీ పొంది, తోటివాళ్లను పట్టించే మనిషి. 1836 నాటి కానూన్ ప్రకారం థగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవ ఖైదు. అంటే తన జాన్ కాపాడుకోవాలనుకునే ఒక మనిషి వేలెత్తి చూపడం మీద ఇంకొకరి జిందగీ ఆధారపడింది. ఖబర్ ఇచ్చేవాడి నిజాయితీని ఎవరు తూచాలి? ఆ సవాల్ అప్పటిదే.

ప్రైవేటు జాసూస్‌లు ఆ రోజుల్లోనే పుట్టారు. 1833లో పారిస్‌లో విడోక్, 1850 ప్రాంతంలో షికాగోలో పింకర్టన్ ఏజెన్సీలు తెరిచారు. మనకు మాత్రం జాసూస్ ఎక్కువగా కితాబుల్లోనే పరిచయం. ఉర్దూలో 1952 నుంచి ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా', తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, తెర మీద 1986లో 'చంటబ్బాయ్'.

ఇక కానూన్ సంగతి. సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005లో చట్టం వచ్చింది. తిరుపతిలో ఒక లాడ్జికి గార్డులను పంపే ఏజెన్సీ ఆ చట్టం కింద లైసెన్స్ తీసుకోవాల్సిందే. అదే లాడ్జిలో దిగిన మనిషి వెంటపడే డిటెక్టివ్‌కు అలాంటి లైసెన్సే లేదు! డిటెక్టివ్ ఏజెన్సీల కోసం 2007 ఆగస్టులో రాజ్యసభలో బిల్లు పెట్టారు. కేంద్రంలో, రాష్ట్రాల్లో బోర్డులు, లైసెన్సులు అన్నీ అందులో రాశారు. అది స్థాయీ సంఘానికి వెళ్లి, ఏళ్ల తరబడి నానింది. చివరికి 2020లో వాపస్ తీసుకున్నారు.

కాబట్టి భాయియో, బహెనో, ఎవరైనా చూపించేది కంపెనీ రిజిస్ట్రేషనో, జీఎస్టీ నంబరో కావచ్చు. అది జాసూసీకి ఇజాజత్ కాదు. "కోర్సు చేస్తే సర్కారీ డిటెక్టివ్ లైసెన్స్ ఇప్పిస్తాం" అని మన పిల్లల దగ్గర ఫీజు గుంజేవాళ్ల మాట నమ్మకండి. ఒకరి కాల్ రికార్డులు దొంగచాటుగా తెప్పించడం నేరం. ఒక ఆడపిల్ల ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టడం 2013 నుంచి శిక్షార్హం. 2017లో సుప్రీంకోర్టు ఆంతరంగికతను మౌలిక హక్కుగా ఖరారు చేసింది.

మన దీన్ ఈ హద్దు ఎప్పుడో గీసింది. సూరా హుజురాత్ 12వ ఆయత్ తజస్సుస్‌ను మనా చేసింది. అయితే ఫాతిమా బిన్తె ఖైస్ (ర) తనకు వచ్చిన రిష్తాల గురించి మష్వరా అడిగినప్పుడు, రసూలుల్లాహ్ (స) ఆ ఇద్దరి లోపాలూ దాచకుండా చెప్పారని సహీ ముస్లిం రివాయత్. అడిగి తెలుసుకోవడం జాయిజ్, తలుపు సందులోంచి చూడటం నాజాయిజ్. అడిగినవాళ్లకు సచ్ చెప్పడం మన మీద అమానత్. మొహల్లాలో ఆ అమానత్ నిలిస్తే, బిటియా నికాహ్ కోసం ఎవరి వెనకా జాసూస్‌ను పంపక్కర్లేదు.