సుంకం చౌకీల సీమలో నమ్మకమైన వర్తకుడు

పులివెందుల చుట్టుపక్కల పండే జీ-9 అరటి ఎగుమతికి పనికిరావాలంటే ముప్పాతిక వంతు పక్వానికే గెల కోయాలి. అత్తాలు విడదీసి, నీళ్ళలో వేసి జిగురు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, 13 కిలోల చొప్పున అట్టపెట్టెల్లో సర్దుతారు. కంటైనర్‌లో 13, 14 డిగ్రీల చల్లదనం ఉండాలి. పెట్టెలన్నీ ఎక్కాక తలుపు మూసి, గడియలో సీలు బిగిస్తారు. అక్కణ్ణుంచి ప్రతి గంటా కాయ ఆయుష్షులో తరుగే. రేవులో ఎవరో ఆ సీలు తెంపి, పెట్టెలు దింపి చూపించమంటే వేడిగాలి లోపలికి పోతుంది. పోయిన చల్లదనం మళ్ళీ రావచ్చు గానీ, పండటం మొదలుపెట్టిన కాయ వెనక్కి రాదు.

అందుకే ‘ఈ వర్తకుడు నమ్మదగినవాడు, ఇతని సరుకును ఊరికే ఆపొద్దు’ అని సర్కారు ముందుగానే రాసిచ్చే పద్ధతి మీద నాకు ఇంత పట్టింపు. దాన్ని ఇప్పుడు ఆథరైజ్డ్ ఎకనామిక్ ఆపరేటర్ అంటున్నారు, పొట్టిగా ఏఈఓ. ప్రొద్దుటూరులో పత్తి, పప్పుల వ్యాపారుల లెక్కలు రాసి, సేల్స్ ట్యాక్స్ రిటర్నులు వేసి బతికినవాణ్ణి నేను. పేరు కొత్తదే గానీ, ఈ పద్ధతి మన నేలకు చాలా పాతది.

తెలుగునాట దీనికి మూలపురుషుడు ఎవరంటే కాకతి గణపతిదేవుడనే అంటాను. 1244-45లో మోటుపల్లి రేవులో ఆయన వేయించిన అభయ శాసనం ఇప్పటికీ ఉంది. అంతకు ముందు రాజులు తుఫానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగే వర్తకుల దగ్గర మేము నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోమని గణపతిదేవుడు మాటిచ్చాడు. సుంకం ముప్పయ్యింట ఒక వంతు. రాజ్యం మారి, ఆ రేవు రెడ్డిరాజుల చేతికొచ్చాక అనపోతరెడ్డి కూడా 1358లో అక్కడే మళ్ళీ అలాంటి శాసనం వేయించాడు. వీళ్ళు ఫలానా శెట్టికని చెప్పి అభయం ఇవ్వలేదు. రేవుకు వచ్చిన ప్రతివాడికీ ఇచ్చారు, రేటు రాతి మీద చెక్కించారు. నాకు ఇదే గొప్పగా కనిపిస్తుంది.

మన కడప జిల్లాలో జరిగింది వేరు. 1652 సెప్టెంబరులో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే మద్రాసు వైపు నుంచి గండికోటకు వచ్చాడు. జమ్మలమడుగు పక్కనున్న ఆ కోటను పెమ్మసాని వారి దగ్గర నుంచి గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా గెలుచుకుని ఎంతో కాలం కాలేదు. టావెర్నియే దగ్గర గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలున్నాయి. అయితే అపురూపమైన సరుకేదైనా మీర్ జుమ్లా చూసి సరేనంటేనే సుల్తాను కొనేవాడు. అందుకని గోల్కొండకు పోవాల్సిన మనిషి ముందు పెన్న లోయలోని ఈ గుడారాలకు రావాల్సి వచ్చింది. అక్కడ తాను చూసింది అతను రాసిపెట్టాడు. మీర్ జుమ్లా నేలమీద తివాచీ పరుచుకుని కూర్చున్నాడు. కాలివేళ్ళ సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో కాగితాలు. ఒక్కొక్కటే తీస్తూ, రాయసగాళ్ళకు జవాబులు చెప్పి రాయిస్తున్నాడు. రాసినవి చదివించుకుని, ముద్ర వేసి పంపిస్తున్నాడు. మధ్యలో నేరస్థుల్ని తెస్తే వాళ్ళ తీర్పూ అక్కడే. తిరిగి వెళ్ళేటప్పుడు టావెర్నియేకు గోల్కొండలో ఉన్న తన కొడుకు పేర ఒక ఉత్తరం ఇచ్చాడు, కొంత దూరం దాకా గుర్రపు రౌతుల్ని తోడు పంపాడు.

ఆ ఉత్తరం విలువ తెలియాలంటే మామూలు మనిషి ఎట్లా ఊళ్ళోకి వెళ్ళేవాడో చూడాలి. హైదరాబాదు నగరంలోకి వచ్చేవాళ్ళ దగ్గర ఉప్పు, పొగాకు దాచి తెస్తున్నారేమోనని ద్వారం దగ్గర కావలివాళ్ళు తడిమి చూసేవారని టావెర్నియేనే రాశాడు. ఆ రెండింటి మీద సుల్తానుకు మంచి రాబడి. గండికోట ఉత్తరంలో వేగం ఉంది, మర్యాద ఉంది. కానీ అది మీర్ జుమ్లా ముఖం చూడగలిగినవాడికే దొరుకుతుంది. ఎద్దుమీద ఉప్పు బస్తా వేసుకొచ్చే మనిషికి దొరకదు.

ముఖం చూసి ఇచ్చే నమ్మకం ఎక్కడికి పోతుందో బెంగాల్లో తేలింది. 1717లో మొగలు పాదుషా ఫరూఖ్‌సియర్ ఇంగ్లీషు కంపెనీకి సుంకం లేని వ్యాపారానికి ఫర్మానా ఇచ్చాడు. కంపెనీ దస్తకు, అంటే సుంకం మినహాయింపు చీటీ, చూపిస్తే చౌకీ తెరుచుకునేది. కంపెనీ ఉద్యోగులు అదే దస్తకు చూపించి తమ సొంత సరుకు దాటించుకున్నారు. దేశవాళీ వర్తకుడు మాత్రం సుంకం కట్టి నష్టపోయాడు. నవాబు మీర్ ఖాసిం విసిగిపోయి 1763లో అందరికీ సుంకాలు ఎత్తేశాడు. దానికి కంపెనీ ఒప్పుకోలేదు. యుద్ధం వచ్చింది, 1764లో బక్సర్ దాకా సాగింది.

1800లో నిజాం మన సీమను కంపెనీకి ధారాదత్తం చేశాడు. మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పొలాల పన్ను పద్ధతులు మారాయి గానీ, మద్రాసు రాజధానిలో లోపలి సుంకాలు ఇంకా చాలా ఏళ్ళు నడిచాయి. పత్తి గానీ నీలిమందు గానీ ఊరు దాటాలంటే రవానా చీటీ కావాలి, చౌకీ చౌకీకీ చూపించాలి. సైన్యానికి ధాన్యం మోసిన లంబాడీలకు మాత్రం సుంకం మినహాయింపు ఉండేది. వాళ్ళు ఆగితే సైన్యం పస్తుంటుంది. ఆ లోపలి సుంకాలు చట్టంతో రద్దయింది 1844లో. ఆ లోటు పూడ్చుకోవటానికి ఉప్పు ధర పెంచారు. ఆ భారం మళ్ళీ పేదవాడి మీదే పడింది.

నా కాలంలో చౌకీ పేరు చెక్‌పోస్టు. ఒకసారి మాకు తెలిసిన చిన్న వ్యాపారి పత్తి బేళ్ళ లారీని సరిహద్దులో రాత్రంతా నిలబెట్టారు. వే బిల్లు కార్బన్ కాపీలో లారీ నంబరు అంకె ఒకటి సరిగ్గా పడలేదు. అసలు కాపీ సంచిలో పెట్టుకుని నేను రాత్రి బస్సెక్కి పోయాను. తెల్లవారుజామున నేను దిగేసరికి డ్రైవరు లారీ కిందే పడుకుని ఉన్నాడు. ఆ వరసలోనే వెనక వచ్చిన పెద్దాయన లారీ ఒక్క ఫోనుతో దాటిపోయిందని చెప్పాడు. తప్పు సరుకు ఎవరిదీ కాదు. ఒకరి పేరు తెలుసు, ఒకరి పేరు తెలియదు, అంతే తేడా. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ చెక్‌పోస్టులు పోయాయి. 2018 ఏప్రిల్ నుంచి 50 వేల రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు వచ్చింది. అది ఎవరికైనా ఒకటే, అందుకే నాకు నచ్చింది.

ఇక దేశం సరిహద్దు సంగతి. 2001 దాడుల తర్వాత అమెరికా నమ్మకమైన వర్తకుల పథకం పెట్టింది. 2005లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ దాన్ని అన్ని దేశాలకూ నమూనాగా చేసింది. మన దేశంలో ఏఈఓ 2011లో ప్రయోగంగా మొదలై, 2016లో ఇప్పటి రూపానికి వచ్చింది. టీ1, టీ2, టీ3 అని మెట్లున్నాయి. పై మెట్టుకు పోయేకొద్దీ తనిఖీలు తగ్గుతాయి, బ్యాంకు గ్యారంటీ భారం తగ్గుతుంది. ఇచ్చేది ముఖం చూసి కాదు, పుస్తకాలు చూసి. చిన్న, మధ్యతరహా సంస్థలకైతే టీ1కు రెండేళ్ళ వ్యాపారం, ముందటి ఏడాదిలో పది కస్టమ్స్ పత్రాలు ఉంటే చాలని సడలించారు.

2020 జనవరి చివర తాడిపత్రి నుంచి ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు 43 చల్లని కంటైనర్లలో అరటితో రైలు బయల్దేరినప్పుడు ఇక్కడంతా సంబరపడ్డాం. కానీ మన కాయ చాలావరకు బయటి కంపెనీల పేరు మీదే ఓడ ఎక్కుతోంది. నమ్మకం లెక్క కూడా వాళ్ళ ఖాతాలోకే పోతోంది. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వ్యాపారులకూ రైతు సంఘాలకూ నేను చెప్పేది ఇదే. మీ పేరు మీద ఎగుమతి కోడ్ తీసుకోండి, దానికి ఫీజు 500 రూపాయలు. రెండేళ్ళు బిల్లులు, బ్యాంకు లెక్కలు శుద్ధంగా ఉంచండి. ఆ తర్వాత టీ1కి దరఖాస్తు పెట్టండి.