బస్తాకి ఎంత బూడిద?

రెడ్‌మండ్‌లో అక్టోబరు వచ్చిందంటే హార్డ్‌వేర్ షాపుల ముందు ప్లాస్టిక్ బస్తాలు గుట్టలుగా పేరుస్తారు. ఒక్కోటి 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోలు. లోపల పెల్లెట్లు ఉంటాయి. రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన చిన్న పుల్లలు, దాదాపు పెన్సిల్ అంత లావు. వీటిని ఒక ప్రత్యేకమైన పొయ్యిలో కాల్చి ఇల్లు వేడి చేసుకుంటారు. బస్తాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, ధరలు మాత్రం ఒకేలా ఉండవు. తేడా ఎక్కడుందని చదువుతూ పోతే అది నన్ను ఈ ఊరి పాత చరిత్రలోకి తీసుకెళ్ళింది.

రెడ్‌మండ్ అంటే మనవాళ్ళకి మైక్రోసాఫ్ట్. కానీ ఆ కంపెనీ ఇక్కడికి వచ్చింది 1986లో. అంతకు ముందు కథ వేరే. 1871లో ల్యూక్ మెక్‌రెడ్‌మండ్, వారెన్ పెరిగో వచ్చి స్థిరపడినప్పుడు ఇక్కడ ఉన్నది నది, చేపలు, ఆకాశమంత ఎత్తు చెట్లు. 1880ల చివర్లో రైలు వచ్చింది. రైలుతో పాటు సామిల్లులు వచ్చాయి. (రంపంతో దుంగలు కోసే మిల్లుని ఆంధ్రాలో సామిల్లు అనే అంటారు. నాకు చాలా నచ్చిన మాట.) 1920ల నాటికి దగ్గర్లోని పెద్ద చెట్లు అయిపోయాయి, మిల్లులు తగ్గిపోయాయి. ఆండర్సన్ పార్కులో పాత దుంగల ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వెళ్ళి చూడండి.

దుంగని కోస్తే అంతా పలకలు అవ్వదు. పాత మిల్లులలో సగం దాకా బెరడు, ముక్కలు, పొట్టు కిందే పోయేది. అంత పొట్టుని ఏం చేయాలి? కొంత మిల్లు బాయిలర్‌లో వేసేవారు. 1920ల నుంచి 1950ల దాకా సియాటిల్, పోర్ట్‌లాండ్ ఇళ్ళలో కూడా రంపపు పొట్టుతోనే వేడి చేసుకునేవారు. నేలమాళిగలో పొట్టు కుప్ప, దాని పక్కన పెద్ద పొయ్యి, పొయ్యి మీద ఒక తొట్టి. తొట్టిలో పొట్టు పోస్తే అది తన బరువుతో తానే కిందకి జారుతూ కాలేది. 1956లో ఈ ప్రాంతానికి సహజవాయువు పైపులైను వచ్చింది. నూనె, గ్యాసు దొరికాక ఆ దుమ్ము ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఇది ఫోనులో అమ్మమ్మకి చెప్పాను. "ఇందులో వింతేముందే, మా ఇంట్లోనూ పొట్టు పొయ్యే" అంది. ఆవిడది రాజమండ్రి. ఒకప్పుడు గోదావరి మీద తెప్పలు కట్టుకుని కలప దిగిన ఊరు, కాబట్టి అక్కడ పొట్టుకి కొదవ లేదు. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెడతారు. చుట్టూ పొట్టు పోసి కర్రతో దట్టిస్తారు. సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగితే మధ్యలో గొట్టంలా ఖాళీ మిగులుతుంది. కింద బెజ్జంలో నిప్పు పెడితే గంటల కొద్దీ మండుతుంది. "వదులుగా దట్టించావో, కూలిపోయి ఆరిపోతుంది. పొట్టు చెమ్మగా ఉందో, ఇల్లంతా పొగ" అంది అమ్మమ్మ. గట్టిదనం, తేమ. పెల్లెట్ల నాణ్యత గురించి మొదట తెలియాల్సినవి ఈ రెండే.

ఇక ఈ దేశంలో ఎవరూ కొనని పొట్టు ఏమయ్యేది? మిల్లు పక్కన గుడారం ఆకారంలో పెద్ద ఇనుప బట్టీ కట్టి, ఊరికే తగలబెట్టేవారు. వాషింగ్టన్, ఒరెగాన్ కలప ఊళ్ళలో అలాంటి బట్టీలు ఎక్కడ చూసినా ఉండేవి. రాత్రిపూట నిప్పురవ్వలు, పగలు పొగ. 1970 ప్రాంతంలో గాలి కాలుష్యం చట్టాలు గట్టిపడి అవి మూతపడ్డాయి. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. ఒక పక్క పొట్టు కాల్చి పారేయడానికి వీల్లేదు. ఇంకో పక్క ఇంధనానికి కరువు. పెల్లెట్ ఈ రెండింటి మధ్య పుట్టింది.

పొట్టుని నొక్కి గట్టిచేయడం అప్పటికే తెలుసు. 1930లలోనే ఐడహోలోని లూయిస్టన్ మిల్లులో జిగురు లేకుండా ప్రెస్టో లాగ్ అనే కృత్రిమ దుంగలు చేశారు. 1970ల మధ్యలో ఒరెగాన్‌లోని బ్రౌన్స్‌విల్‌లో రుడాల్ఫ్ గన్నర్‌మన్ పెల్లెట్లు తయారుచేయించాడు. 1977లో ఆయనకి పేటెంట్ వచ్చింది. పెల్లెట్ చేసే మిషను కొత్తదేమీ కాదు, పశువుల దాణా గుళికలు చేసే రకమే. పొట్టుని ఆరబెట్టి, మెత్తగా చేసి, ఉక్కు దిమ్మెలోని బెజ్జాల గుండా నెడతారు. రాపిడి వేడికి చెక్కలోనే ఉన్న లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడుతుంది. చల్లారాక అదే జిగురులా పట్టుకుంటుంది.

ఆ పెల్లెట్లు మొదట్లో పెద్ద బాయిలర్ల కోసమే. ఇంటి పొయ్యి కావాలంటే ఒక ఇంజనీరు రావాలి. 1980ల మొదట్లో ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే జెర్రీ విట్‌ఫీల్డ్ అనే విమాన ఇంజనీరు అది చేశాడు. తొట్టిలోంచి ఒక స్క్రూ తిరుగుతూ కొన్ని కొన్ని పెల్లెట్లని చిన్న గిన్నెలోకి వేస్తుంది. ఫ్యాన్ గాలి ఊదుతుంది. చిన్న మంట, చాలా వేడి, తక్కువ పొగ.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. అమ్మమ్మ డబ్బాకి ఏ పొట్టు వేసినా సర్దుకుపోతుంది. ఈ మిషను సర్దుకుపోదు. బస్తాలో పొడి ఎక్కువుంటే స్క్రూ దగ్గర పేరుకుంటుంది. బూడిద ఎక్కువైతే గిన్నె బెజ్జాలు మూసుకుంటాయి. బూడిదతో మట్టి, ఇసుక కలిస్తే వేడికి కరిగి రాయిలా గడ్డ కడుతుంది. దాన్ని క్లింకర్ అంటారు. మంట ఆరిపోతుంది, తెల్లారేసరికి ఇల్లు మంచు.

ఇది అర్థం చేసుకోవడానికి నాకు రైస్‌మిల్లు పనికొచ్చింది. వడ్లు మరపడితే బియ్యం, నూక, తవుడు, ఊక దేనికదే వేరు అవుతాయి. ప్రతిదానికీ పేరుంది, ధర ఉంది. దుంగ కూడా అంతే. లోపలి తెల్ల చెక్క బియ్యం లాంటిది, కాలిస్తే అర శాతం బూడిద కూడా మిగలకపోవచ్చు. బెరడు ఊక లాంటిది, బూడిద దానికి చాలా రెట్లు ఎక్కువ. (నిజం ఊక అయితే ఇంకా ఘోరం. సుమారు 20 శాతం బూడిదే, అదీ దాదాపు అంతా సిలికా.) బస్తా అడుగున పొడి మన నూక. కాబట్టి బస్తా మీద బూడిద శాతం చూస్తే ఆ పెల్లెట్ చెట్టులో ఏ భాగం నుంచి వచ్చిందో చాలావరకు ఊహించవచ్చు.

అమెరికాలో ఈ అంకెలు పెట్టింది పెల్లెట్ ఫ్యూయల్స్ ఇన్‌స్టిట్యూట్. ప్రీమియం రకంలో బూడిద 1 శాతం లోపు, తేమ 8 శాతం లోపు, పొడి అర శాతం లోపు ఉండాలి. స్టాండర్డ్ రకంలో బూడిద 2 శాతం దాకా, తేమ 10 శాతం దాకా ఒప్పుకుంటారు. 1కి, 2కి తేడా ఏముంది అనిపిస్తుంది కదా? లెక్క వేయండి. టన్ను అంటే ఇక్కడ 2000 పౌండ్లు, 50 బస్తాలు. 2 శాతం అంటే 40 పౌండ్ల బూడిద. అంటే ఒక నిండు బస్తా బరువుకి డబ్బు కట్టి, మోసి, కాల్చి, మళ్ళీ ఎత్తి పోయాలి. అర శాతం అయితే 10 పౌండ్లే. యూరప్‌లోని ఈఎన్‌ప్లస్ ఇంకా కఠినం, దాని ఏ1 రకంలో హద్దు 0.7 శాతం.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన అంకె ఇంకొకటి ఉంది, ఉప్పు. ప్యూజెట్ సౌండ్ అంతటా దుంగలని సముద్రపు నీళ్ళ మీద తేల్చి మిల్లులకి తెచ్చేవారు. బెరడు ఉప్పు పీల్చుకుంటుంది. ఆ బెరడు కాలిస్తే లోహం తుప్పు పడుతుంది. అందుకే ప్రమాణంలో క్లోరైడ్ పది లక్షల భాగాలలో 300 దాటకూడదు అని ఉంది.

గట్టి చెక్క మంచిదా, మెత్తని చెక్క మంచిదా అనే వాదన కూడా వింటుంటాం. దుంగల విషయంలో ఆ వాదనకి అర్థముంది, ఎందుకంటే గట్టి చెక్క బరువు ఎక్కువ. పెల్లెట్లో ఏ చెక్కనైనా ఒకే గట్టిదనానికి నొక్కేస్తారు. పౌండుకి పౌండు చూస్తే రెసిన్ ఎక్కువున్న డగ్లస్ ఫర్‌దే కొంచెం పైచేయి. "హార్డ్‌వుడ్" అని పెద్ద అక్షరాలు రాసిన బస్తాకి ఎక్కువ డబ్బు ఇవ్వడానికి నాకైతే కారణం కనపడలేదు.

ప్రభుత్వం ఇందులోకి ఆలస్యంగా వచ్చింది. 1988లో ఈపీఏ కట్టెల పొయ్యిల పొగకి హద్దులు పెట్టింది. కానీ ఇంధనం కన్నా గాలి 35 రెట్లు మించి వాడే పొయ్యిలకి మినహాయింపు ఇచ్చింది. చాలా పెల్లెట్ పొయ్యిలు ఆ సందులోంచి బయటపడ్డాయి. ఎక్కువ గాలి అంటే వేడి కూడా పొగగొట్టంలోంచి పోవడమే, అయినా చట్టానికి సరిపోయింది. 2015లో ఆ సందు మూసేశారు. 2020 నుంచి కొత్త పొయ్యి గంటకి 2 గ్రాముల పొగ రేణువులు దాటకూడదు. ప్రమాణముద్ర ఉన్న పెల్లెట్లే వాడాలి అని కూడా రాశారు. బస్తా నాణ్యత అప్పటినుంచి చట్టంలో భాగం.

దీని వెనక ఉన్నది మన ఊపిరి. చలికాలంలో గాలి కదలని రోజుల్లో లోయలో పొగ నిలిచిపోతుంది. అప్పుడు ప్యూజెట్ సౌండ్ క్లీన్ ఎయిర్ ఏజెన్సీ మంటల మీద నిషేధం పెడుతుంది. మొదటి దశలో పెల్లెట్ పొయ్యి వాడుకోవచ్చు. రెండో దశలో, ఇంట్లో వేడికి వేరే దారి ఉంటే, ఎంత మంచి బస్తా అయినా ముట్టించకూడదు.

ఇక బస్తా మీద ఎవరూ రాయని సంగతి: స్క్రూకి, ఫ్యాన్‌కి కరెంటు కావాలి. 2024 నవంబరు 19 రాత్రి గాలివానకి ఈస్ట్‌సైడ్‌లో లక్షల ఇళ్ళు చీకట్లో ఉన్నాయి. బ్యాటరీ లేని పెల్లెట్ పొయ్యిలు బస్తాల పక్కనే చల్లగా కూర్చున్నాయి. అలాంటప్పుడు బొగ్గుల కుంపటి ఇంట్లోకి తేవాలనిపిస్తుంది. తేకండి. 2006 డిసెంబరు గాలివాన తర్వాత ఇదే కౌంటీలో అలా కార్బన్ మోనాక్సైడ్‌తో మనుషులు చనిపోయారు, వాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళే. పెల్లెట్ పొయ్యి కొనేవాళ్ళు బ్యాటరీ ధర కూడా లెక్కలో వేసుకోవాలి. బస్తాలని గరాజులో సిమెంటు నేల మీద కాకుండా చెక్క మీద పెట్టుకోవాలి. ఇక్కడి చెమ్మకి చిన్న చిరుగు ఉన్నా చాలు, పెల్లెట్లు ఉబ్బి మళ్ళీ పొట్టు అయిపోతాయి.