లేనివానికి కావలి

టోల్కీన్ కల్పించిన పురాణగాథ 'సిల్మరిలియన్' (1977)లో, లోకకంటకుడైన మెల్కోరును దేవతలు జగత్ప్రాకారములకు ఆవలనున్న కాలరహిత శూన్యములోనికి త్రోసివేసి, వాడు మరలి రాకుండ ఆ గోడలపై కావలి నిలుపుదురు. ఏమియు లేని చోట వాడెట్లున్నాడు? లేనివానికి కావలి యెందులకు? ఈ చిక్కు టోల్కీనుతో పుట్టినది కాదు. నైలునదీతీరమున ఆలయార్చకులు దీనిని నిత్యకృత్యముగనే నడిపిరి.

సూర్యదేవుడగు 'రా' పడవనెక్కి రాత్రివేళ పాతాళమున పయనించుచుండగా అడ్డగించు మహాసర్పము అపోఫిస్. సృష్టికి పూర్వమున్న చీకటిజలములు సృష్టితో అంతరింపక, జగత్తును చుట్టుముట్టి యెల్లప్పుడు నుండునని ఈజిప్టువారి విశ్వాసము. ఆ సర్పము ఆ చీకటికి చెందినది. దానిని చంపుటతో తృప్తినొందక, అసలు లేకుండనే చేయవలెనని సంకల్పించిన అర్చకుల విధి, క్రీ.పూ. 4వ శతాబ్ది చివరినాటి బ్రెమ్నర్-రైండ్ పాపిరస్‌లో సవిస్తరముగా నున్నది: మైనముతో పామును చేసి, దానిపై పచ్చసిరాతో దాని పేరు వ్రాసి, ఉమిసి, ఎడమకాలితో త్రొక్కి, బల్లెముతో పొడిచి, నిప్పులో వేయవలెను. ఉదయము చేసినది మధ్యాహ్నమును చేయవలెను, సాయంకాలమును చేయవలెను. మబ్బు పట్టినచో మరల చేయవలెను. పేరు నశించుటయే కడపటి మరణమని నమ్మినవారికి, ఆ పేరు నశింపజేయుటకై దినమునకు ఇన్నిమారులు దానినే వ్రాయవలసివచ్చెను!

మన తార్కికులకు ఇందు వింత యేమియు తోపదు. అభావమును ఏడవ పదార్థముగా లెక్కించిన అన్నంభట్టు 'తర్కసంగ్రహము' చదివిన పిల్లవాడైనను, దేని అభావమో చెప్పనిదే అభావము తెలియదనును; కుండ లేదనుటకైనను కుండ మాట యెత్తవలెను గదా.

డెయిర్ ఎల్ మదీనాలో, మూడువేల యేండ్లనాటి ఇన్‌హెర్‌ఖావు సమాధి గోడపై, కుందేటి చెవులవంటి పొడవైన చెవులుగల పిల్లి యొకటి చెట్టుక్రింద కత్తిపట్టి ఆ పామును కోయుచున్నది. కత్తి పాముపైననే నిలిచిపోయినది. కోత ముగిసి పాము లేకపోయిన చోటును చిత్రించుటకు ఆ చిత్రకారుడు పూనుకొనలేదు. పూనుకొన్నచో గోడపై పిల్లి మాత్రమే మిగులును, అది చూచువారికి వట్టి పిల్లి.

ఆ పాపిరస్ నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున భద్రముగ నున్నది. 2004లో కనుగొన్న గ్రహశకలమొకదానికి అపోఫిస్ అనియే పేరిడిరి. 2029 ఏప్రిల్ 13న అది భూతలమునకు సుమారు 32,000 కిలోమీటర్ల దూరమున దాటిపోవును.