పొట్టి క్రోమోసోము

1960లో ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫర్డ్ అను పరిశోధకులు ఒకజాతి రక్తక్యాన్సరు రోగుల కణములలో మిక్కిలి పొట్టియైన క్రోమోసోమును కనుగొనిరి. 9వ, 22వ క్రోమోసోముల తునకలు తారుమారగుటచే అది ఏర్పడుచున్నదని 1973లో జానెట్ రౌలీ తెలిపెను. ఆ మార్పిడివలన పుట్టు కైనేజు అను ఎంజైము విశ్రాంతిలేక పనిచేసి తెల్లకణములను మితిమీరి పెంచును. శరీరమున 500కు పైగా కైనేజులుండగా ఎంచి ఆపుట సాధ్యమా యని పలువురు సందేహించిరి. అది అర్థములేని సందేహమును కాదు. అయినను ఇమాటినిబ్ అను మందు, ఏటీపీ చేరు చోటును తానాక్రమించి, ఆ ఎంజైమును నిలిపెను. 2001లో అమెరికాలో అనుమతి పొందెను.

రోగి అనుదినము మింగవలసిన ఆ మాత్రలకు భారతదేశమున నెలకు సుమారు 1,20,000 రూపాయలగుచుండ, దేశీయ సంస్థలు అందు పదవవంతుకు లోపుగనే అమ్ముచుండెను. కొత్త స్ఫటికరూపమునకు నోవార్టిస్ కోరిన పేటెంటును, చికిత్సాశక్తి పెరిగినట్లు రుజువు కాలేదని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నిరాకరించెను.