బర్మింగ్‌హామ్ బాకీ

2023 సెప్టెంబరు 5న బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ చేతులెత్తేసింది. నూటొక్క మంది కౌన్సిలర్ల సభ, పదకొండు లక్షలకు పైబడిన జనం, యూరప్‌లోకెల్లా పెద్ద స్థానిక సంస్థ అన్న పేరు, అన్నీ ఉన్నాయి. ఖజానాలో డబ్బు లేదు. 1988 నాటి చట్టంలోని సెక్షన్ 114 కింద ఆ రోజు నోటీసు వెలువడింది. చట్టం తప్పనిసరి చేసిన సేవలకూ, దిక్కులేనివాళ్ల రక్షణకూ తప్ప కొత్తగా ఒక్క పెన్నీ ఖర్చు పెట్టడానికి వీల్లేదు. ఇంగ్లండ్ చట్టంలో నగరసభలు దివాలా తీయడమంటూ లేదు. దివాలాకు దగ్గరగా వచ్చేది ఈ నోటీసే. అది అందుకున్నది బర్మింగ్‌హామ్ అని విన్నప్పుడు, పురపాలన చరిత్ర కాస్తయినా చదివినవాళ్లకు గుండె కలుక్కుమంది.

నగరసభ అంటే ఇలా ఉండాలని లోకానికి చూపించిన ఊరు అది. 1873లో జోసెఫ్ ఛాంబర్లేన్ మేయరయ్యాడు. మూడేళ్లు తిరిగేసరికి గ్యాస్ కంపెనీలూ నీటి కంపెనీ ప్రైవేటు చేతుల్లోంచి ఊరి చేతుల్లోకి వచ్చాయి. ఇరుకు వాడలు పోయి కార్పొరేషన్ వీధి వచ్చింది. ఆ వాడల్లో ఉన్న పేదలకు మళ్లీ గూడు చూపించలేదన్న మచ్చ మిగిలింది, నిజమే. అయినా ఊరి సొమ్ముతో ఊరికి మేలు చేయవచ్చన్న నమ్మకం అక్కడ వేళ్లూనుకుంది. 1904 నాటికి వేల్స్ కొండల్లోని ఎలాన్ లోయ నుంచి 70 మైళ్లకు పైగా ప్రయాణించి, పల్లం వెతుక్కుంటూ మంచినీళ్లు ఊరు చేరాయి. అంతకు ముందే, 1890లో ఒక అమెరికా పత్రికా రచయిత వచ్చి చూసి, ఇంత చక్కగా పాలన సాగే నగరం ప్రపంచంలో మరొకటి లేదని రాసి వెళ్లాడు.

ఆ రోజుల గుర్తు ఒకటి ఇప్పటికీ ఉంది. 1885లో తెరిచిన మ్యూజియాన్ని గ్యాస్ శాఖ కార్యాలయాల మీద, గ్యాస్ అమ్మగా వచ్చిన లాభంతో కట్టారు. పరిశ్రమ తెచ్చిన రాబడితో కళను పోషిస్తున్నామని లోపల శిలాఫలకం మీద చెక్కించారు. పొయ్యిలో మండిన ప్రతి మంటలోంచి కొంత తీసి కూలివాడి బిడ్డకు బొమ్మలు చూపించిన ఊరు అది. ఆ ఊరు ఏం కోల్పోయిందో ఈ ఒక్క రాయి ముందు నిలబడితే తెలుస్తుంది.

పతనం మాత్రం బడి వంటగదుల్లో మొదలైంది.

తెల్లవారకముందే వచ్చి వందలమంది పిల్లలకు వండి వార్చే ఆడవాళ్లు, తరగతి గదులు తుడిచేవాళ్లు, ముసలివాళ్లకు స్నానం చేయించి బట్టలు మార్చే ఆయాలు, వీళ్లంతా నగరసభ ఉద్యోగులు. చెత్త ఎత్తేవాళ్లు, రోడ్లు వేసేవాళ్లు, సమాధులు తవ్వేవాళ్లు కూడా ఆ సభ ఉద్యోగులే. అందరిదీ ఒకే వేతన శ్రేణి. అయితే మగవాళ్ల పనులకు బోనసులుండేవి, కొందరికి మూల వేతనం మీద 160 శాతం దాకా. ఆడవాళ్ల పనులకు ఆ బోనసు లేదు. సమాన వేతన చట్టం 1970లోనే వచ్చింది. ఉద్యోగులందరినీ ఒకే వేతన చట్రంలోకి తేవాలని స్థానిక సంస్థలూ కార్మిక సంఘాలూ 1997లో దేశమంతటికీ ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని అమలు చేయడానికి బర్మింగ్‌హామ్‌కు పదేళ్లు పైనే పట్టింది.

ఆ పదేళ్లే నన్ను ఎక్కువగా బాధపెడతాయి. అప్పటికి బాకీ చిన్నది. తీర్చాలన్న మనసుంటే బడ్జెట్లో రెండు మూడేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటే సరిపోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. ఏటా బడ్జెట్ సమావేశం జరిగింది, ఏటా చేతులెత్తి ఆమోదించారు, ఆ పద్దు మాత్రం మరుసటి ఏటికి జరిగింది. 2004 నుంచి 2012 దాకా కన్జర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్ల కూటమి ఏలింది, ఆ తరువాత లేబర్. ఈ పాపం ఏ ఒక్క పార్టీ ఖాతాలోనూ వేయలేం.

2010లో నాలుగు వేలకు పైగా ఆడవాళ్లు ఉద్యోగ వివాదాల ట్రిబ్యునల్లో గెలిచారు. 2012 అక్టోబరులో మరో 174 మంది విషయంలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఉద్యోగం మానేసి, ట్రిబ్యునల్ ఆరు నెలల గడువు దాటిపోయినవాళ్లు కూడా సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని, అక్కడ గడువు ఆరేళ్లని ధర్మాసనం చెప్పింది. సొంత వంటమనుషుల మీద, సొంత ఆయాల మీద ఒక నగరసభ దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా పోరాడింది. పోరాడి ఓడింది.

ఆ బాకీలు తీర్చడానికి ఇక అమ్మకాలు మొదలయ్యాయి. 1976లో నగరం చొరవతో వెలసిన నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్‌ను 2015లో 30.7 కోట్ల పౌండ్లకు అమ్మారు. మూడేళ్లకే అది మళ్లీ చేతులు మారింది. అప్పటి ధర సుమారు 80 కోట్లని వార్తలొచ్చాయి. తొందరలో ఉన్నవాడి ఆస్తి ఎప్పుడూ చవకే. 2013లో మలాలా చేతుల మీదుగా తెరిచిన కొత్త గ్రంథాలయానికి 18.8 కోట్ల పౌండ్లు పెట్టారు. రెండేళ్లు తిరగకుండానే, వారానికి 73 గంటలు తెరిచి ఉండే దాన్ని 40 గంటలకు కుదించారు. 2010 తరువాత లండన్ ప్రభుత్వం స్థానిక సంస్థల గ్రాంట్లను కోసిన కోత కూడా తక్కువేమీ కాదు. అది చెప్పకపోతే అన్యాయం.

2017లో చెత్త కార్మికుల సమ్మెను ముగించడానికి చేసుకున్న ఒప్పందం మళ్లీ పాత గాయాన్నే రేపింది. మగవాళ్లు తమ వీధులు పూర్తి చేసి ముందే ఇంటికి వెళ్లిపోయినా పూర్తి జీతం వచ్చే పద్ధతి ఉండేది. వంటగదిలో ఆడమనిషికి ఆ వెసులుబాటు లేదు. కొత్త దావాలు పడ్డాయి. అప్పటికే చెల్లించింది దాదాపు 110 కోట్ల పౌండ్లు. ఇంత జరిగాక కూడా నేర్చుకోలేదంటే ఏమనాలి?

ఆఖరి దెబ్బ లెక్కల పుస్తకానికే తగిలింది. 1999 నుంచి వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ను తీసేసి 2022 ఏప్రిల్‌లో ఒరాకిల్ పెట్టారు. 2 కోట్ల పౌండ్లలోపే అవుతుందనుకున్న ఖర్చు 10 కోట్ల దాకా పోయింది. ఊరి అలవాట్లకు తగ్గట్టు దాన్ని మార్చబోయి పాడుచేసుకున్నారు. బ్యాంకులో పడిన సొమ్ముకూ పద్దులో రాసిన సొమ్ముకూ జత కుదరలేదు. ఏ శాఖ ఎంత ఖర్చు పెట్టిందో ఆ శాఖకే తెలియదు. సిబ్బంది కూర్చుని చేత్తో ఒక్కొక్క పద్దూ సరిచూశారు. ఆ ఎండాకాలంలోనే ఊళ్లో కామన్వెల్త్ క్రీడలు వైభవంగా జరిగాయి. మైదానంలో చప్పట్లు మోగుతుంటే, నగరసభ తన ఇంటి జమాఖర్చు తానే చదవలేని స్థితిలో ఉంది. ఖర్చును నిలదీయాల్సిన కౌన్సిలర్ ఏ కాగితం పట్టుకుని నిలదీస్తాడు?

2023 జూన్‌లో సమాన వేతన బాకీ 65 నుంచి 76 కోట్ల పౌండ్లని ప్రకటించారు. సెప్టెంబరులో నోటీసు వచ్చింది. ఆ అంకెను అతిగా వేశారన్న వాదన తరువాత బలంగా వినిపించింది. లెక్కలు తెలియని ఇంట్లో భయం ఎంత అంకె చెబితే అంత అప్పు. ఆడవాళ్లు ఊరిని ముంచారన్న మాట కూడా అప్పుడే పుట్టింది. వినలేని మాట అది. వాళ్లు అడిగింది తాము చేసిన పనికి రావాల్సిన కూలి.

అక్టోబరులో నగరసభను అదుపులో పెట్టడానికి ప్రభుత్వం పంపగా లండన్ నుంచి కమిషనర్లు దిగారు. 2024 మార్చిలో రెండేళ్లకు 30 కోట్ల పౌండ్ల కోతలకు సభ ఆమోదం తెలిపింది. కౌన్సిల్ పన్ను పది శాతం దాకా పెరిగింది. వీధి దీపాల వెలుగు తగ్గించాలనుకున్నారు. సింఫనీ ఆర్కెస్ట్రాకూ, బ్యాలేకూ, నాటకశాలకూ ఇచ్చే గ్రాంటు రెండేళ్లలో సున్నా. గ్యాస్ లాభంతో కళను పోషించిన ఊరి బడ్జెట్ అది.

2024 డిసెంబరులో కార్మిక సంఘాలతో సమాన వేతనంపై రాజీ కుదిరింది. మరుసటి మార్చి 11న చెత్త కార్మికులు నిరవధిక సమ్మెకు దిగారు. 2017 ఒప్పందంలో దక్కిన ఒక హోదాను నగరసభ ఎత్తేసింది. ఉంచితే మళ్లీ సమాన వేతన దావాలు పడతాయని సభ వాదన, తమ జీతం కోసుకుపోతుందని కార్మికుల గోడు. వీధుల్లో 17 వేల టన్నుల చెత్త పేరుకుంది. పాతికేళ్ల కిందట వంటగదిలో ఆడమనిషి జీతాన్ని పైకి తెచ్చి ఉంటే సరిపోయేది. చివరికి చెత్తబండి వెనక నడిచేవాడి జీతాన్ని కిందికి దించి సమానం చేశారు.